హైదరాబాదులో హరిత భవనాలు

హరిత భవనం అనగా స్థలం ఎంపిక మొదలుకొని రూపకల్పన, నిర్మాణం, వాడకం, చివరకు కూల్చివేత వరకు అన్ని దశలలోను నీటిని, విద్యుత్తును, నిర్మాణ సామగ్రిని పొదుపుగా వాడుకుంటూ, లోపల నివసించేవారి ఆరోగ్యానికి అనుకూలంగా ఉండేటట్లు కట్టిన భవనం. దీనిని పర్యావరణ హిత భవనం అని, గ్రీన్ బిల్డింగ్ అని కూడా అంటారు. భారతదేశంలో ఈ ఉద్యమానికి హైదరాబాదు తొలి కేంద్రాలలో ఒకటి. భారతీయ హరిత భవన మండలి 2001లో ఈ నగరం ప్రధాన కార్యాలయంగా ఏర్పడింది. అమెరికా సంయుక్త రాష్ట్రాల వెలుపల లీడ్ ప్లాటినం స్థాయి గుర్తింపు పొందిన మొదటి భవనం కూడా ఈ నగరంలోనే, కొండాపూర్ సమీపంలో ఉన్నది.

అదే కాలంలో హైదరాబాదు దేశంలో అతి వేగంగా విస్తరించిన నగరాలలో ఒకటి అయింది. ఒకసారి కట్టిన ఇల్లు నలభై, యాభై సంవత్సరాలు నిలుస్తుంది. గోడ ఏ దిక్కుకు ఉన్నది, కిటికీకి నీడ ఉన్నదా లేదా, పైకప్పు ఎంత వేడెక్కుతుంది, వాన నీరు ఎటు పోతుంది అన్న విషయాలు నక్షా గీసిన రోజుననే నిర్ణయమవుతాయి. తరువాత వాటిని మార్చడం కష్టం, ఖర్చుతో కూడిన పని. అందువలన పెరుగుతున్న నగరంలో హరిత పద్ధతుల ప్రాముఖ్యత కొద్దిపాటి పెద్ద భవనాలకు లభించే ధ్రువపత్రాలకంటె, ప్రతి ఏడాది లేచే వేలాది సాధారణ ఇళ్ళపై ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

నేపథ్యం

2001 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 36 లక్షల మంది ఉండేవారు. 2007లో చుట్టుపక్కల ఉన్న 12 పురపాలక సంఘాలను కలిపి హైదరాబాదు మహానగర పాలక సంస్థను ఏర్పాటు చేశారు. 2011 నాటికి ఈ సంస్థ పరిధిలోని జనాభా సుమారు 67 లక్షలు. ఈ పెరుగుదలలో కొంత హద్దులు మారడం వలన వచ్చినదే అయినా, కలిసిన ప్రాంతాలే అత్యంత వేగంగా కట్టడాలు పెరిగిన ప్రాంతాలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలలో కార్యాలయ భవనాలు, వాటి వెనుక బహుళ అంతస్తుల నివాసాలు వచ్చాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి విస్తరణకు మరింత దారి ఇచ్చింది.

ఈ విస్తరణ మూడు సమస్యలను ముందుకు తెచ్చింది. మొదటిది నీరు. మూసీపై ఉన్న ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీపై ఉన్న హిమాయత్ సాగర్ ఒకప్పుడు నగరానికి ప్రధాన ఆధారాలు. తరువాత మంజీరా, కృష్ణా, గోదావరి నదుల నుండి నీటిని తేవలసి వచ్చింది. కృష్ణా, గోదావరి జలాలు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుండి పంపుల ద్వారా ఎత్తుకు ఎక్కి వస్తాయి. కాబట్టి నగరంలో వృథా అయ్యే ప్రతి బిందెడు నీటి వెనుక కొంత విద్యుత్తు కూడా వృథా అవుతుంది.

రెండవది వేడి. కాంక్రీటు, తారు, రాతి ఉపరితలాలు పగలు వేడిని పీల్చుకొని రాత్రి నెమ్మదిగా విడుదల చేస్తాయి. చెట్లు, చెరువులు తగ్గినకొద్దీ రాత్రి చల్లబడే గుణం నగరానికి తగ్గిపోతుంది. దీనిని నగర ఉష్ణద్వీప ప్రభావం అంటారు. ఎయిర్ కండిషనర్లు గదిలోని వేడిని బయటకు నెట్టడం వలన వీధి మరికొంత వేడెక్కుతుంది.

మూడవది వరద. నేల అంతా సిమెంటుతో కప్పబడినప్పుడు వాన నీరు ఇంకే అవకాశం లేక నాలాలలోకి ఒక్కసారిగా చేరుతుంది. నాలాలు, చెరువుల శిఖం భూములు ఆక్రమణకు గురైన చోట ఆ నీరు కాలనీలలోకి వస్తుంది. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరు 13, 14 తేదీలలోను కురిసిన భారీ వర్షాలకు నగరంలోని అనేక కాలనీలు నీట మునిగాయి, ప్రాణనష్టం జరిగింది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీయే వానాకాలంలో మునిగిపోవడం ఈ నగరంలో అరుదైన విషయం కాదు.

సాంప్రదాయ నిర్మాణాలలో హరిత లక్షణాలు

హరిత భవనం అన్న పేరు కొత్తదే అయినా అందులోని సూత్రాలు చాలావరకు పాతవే. దక్కను పీఠభూమిలో గాలి పొడిగా ఉంటుంది, పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువ. ఇక్కడి పాత ఇళ్ళలో రాతితోనో మట్టితోనో కట్టిన మందపాటి గోడలు పగటి వేడి లోపలికి చేరడాన్ని ఆలస్యం చేసేవి. రాత్రి కిటికీలు తెరిస్తే గోడలు చల్లబడేవి. రాయలసీమ, తెలంగాణ ప్రాంతాలలోని మట్టి మిద్దెలు ఇదే సూత్రంపై పనిచేస్తాయి. కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ కాలపు కట్టడాలలో సున్నపు గచ్చు, ఎత్తైన కప్పులు, చిల్లుల రాతి జాలీలు, నడిమి ఆవరణలు కనిపిస్తాయి.

కోస్తా ఆంధ్రలో వాతావరణం వేరు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, రాత్రి కూడా ఉక్కపోతగా ఉంటుంది. అందువలన అక్కడి పెంకుటిళ్ళలో గాలి అటునుండి ఇటు ధారాళంగా ఆడటానికి ప్రాధాన్యం ఇచ్చారు. మండువా లోగిలి ఇళ్ళలో నడిమి ఆవరణం వెలుతురును, గాలిని లోపలి గదులకు అందించేది, నాలుగు వైపుల కప్పుల నుండి జారే వాన నీరు అక్కడికే చేరేది. నేటి ఇంధన పొదుపు స్మృతులు కూడా ఈ తేడాను గుర్తిస్తాయి. వాటి ప్రకారం హైదరాబాదు మిశ్రమ వాతావరణ మండలంలోను, విశాఖపట్నం ఉష్ణ-ఆర్ద్ర మండలంలోను ఉన్నాయి. ఒక ఊరికి సరిపడిన నమూనా మరొక ఊరికి యథాతథంగా పనికిరాదు.

చరిత్ర

అమెరికా హరిత భవన మండలి 1993లో ఏర్పడింది. అది రూపొందించిన లీడ్ అనే మార్కుల విధానం 2000 నుండి ప్రచారంలోకి వచ్చింది. భారతదేశంలో భారతీయ పరిశ్రమల సమాఖ్య ఆధ్వర్యంలో 2001లో భారతీయ హరిత భవన మండలి ఏర్పడింది. ఐజీబీసీ అన్న పొడి అక్షరాలతో ఇది ప్రసిద్ధం.

ఈ ఉద్యమానికి నమూనాగా హైదరాబాదులో సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రాన్ని నిర్మించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, భారతీయ పరిశ్రమల సమాఖ్య, గోద్రెజ్ కుటుంబానికి చెందిన ధర్మసంస్థ కలిసి దీనిని చేపట్టగా, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ సాంకేతిక సహాయం అందించింది. వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్. 2003లో ఈ భవనానికి లీడ్ ప్లాటినం గుర్తింపు లభించింది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి ఏ.పి.జె. అబ్దుల్ కలాం దీనిని ప్రారంభించారు.

సుమారు 20,000 చదరపు అడుగుల ఈ భవనం మధ్యలో ఆవరణతో గుండ్రంగా ఉంటుంది. పగటిపూట ఎక్కువ భాగానికి దీపాల అవసరం లేకుండా సహజమైన వెలుతురు అందుతుంది. లోపలికి వచ్చే గాలిని ముందుగా కొంత చల్లబరచడానికి గాలి గోపురాలు ఉన్నాయి. పైకప్పుపై చాలా భాగం పచ్చిక పరచి, మిగిలిన చోట సౌర ఫలకాలు అమర్చారు. గోడలకు తేలికపాటి గాలిగుల్ల కాంక్రీటు దిమ్మెలు వాడారు. వాడిన నీటిని మొక్కల వేళ్ళ ద్వారా శుద్ధి చేసి తిరిగి తోటకు ఉపయోగిస్తారు, మురుగునీరు ఆవరణ దాటి బయటకు పోదు. జాలీలు, నడిమి ఆవరణ వంటి పాత పద్ధతులను కొత్త సాంకేతికతతో కలపడం ఈ భవనంలోని విశేషం.

తరువాతి కాలంలో నగరంలోని అనేక కార్యాలయాలు, హోటళ్ళు, నివాస సముదాయాలు ఇటువంటి గుర్తింపు పొందాయి. 2008లో ప్రారంభమైన శంషాబాదు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి లీడ్ సిల్వర్ గుర్తింపు లభించింది. 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన తెలంగాణ రాష్ట్ర సచివాలయ భవనం ఐజీబీసీ గోల్డ్ గుర్తింపు పొందింది.

నిర్మాణ పద్ధతులు

దిక్కు, నీడ, గాలి

హైదరాబాదు సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, వేసవిలో దాదాపు నడినెత్తికి వస్తాడు. దక్షిణపు కిటికీలకు పైన ఒక సాధారణ సజ్జా ఉంటే ఎండ చాలావరకు ఆగిపోతుంది. తూర్పు, పడమర దిక్కులలో సూర్యుడు కిందకు ఉంటాడు కనుక సజ్జా నీడ సరిపోదు. ముఖ్యంగా పడమటి ఎండ రోజంతా వేడెక్కిన ఇంటిపై సాయంత్రం పడి బాధ ఎక్కువ చేస్తుంది. ఆ వైపు పెద్ద కిటికీలు పెట్టకుండా మెట్లు, స్నానాల గదులు, సామాన్ల గదులు ఉంచడం, చెట్టు నాటడం, నిలువు పలకలు లేదా జాలీలు అమర్చడం దీనికి పరిష్కారాలు.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నగరంలో గాలి ప్రధానంగా పడమర, నైరుతి దిక్కుల నుండి వీస్తుంది. ఎండను ఆపడానికి పడమటి గోడను పూర్తిగా మూసివేస్తే గాలి కూడా ఆగిపోతుంది. పాత ఇళ్ళలోని వరండాలు, జాలీలు గాలిని రానిస్తూ ఎండను ఆపడానికి ఏర్పడినవే. చుట్టూ గాజు తొడుగు ఉన్న భవనాలలో ఈ సౌకర్యం ఉండదు. కిటికీలు తెరవడానికి వీలులేని గాజు పెట్టెలో ఎయిర్ కండిషనర్ సంవత్సరమంతా నడవవలసిందే.

పైకప్పు

ఒకటి రెండు అంతస్తుల ఇంటికి అత్యధిక వేడి పైకప్పు నుండే వస్తుంది. సాధారణ కాంక్రీటు కప్పు తనపై పడిన ఎండలో చాలా భాగాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన తెల్లని పూత అందులో 70 శాతానికి పైగా తిప్పి పంపగలదు. ఇటువంటి వాటిని చల్లని పైకప్పులు అంటారు. సున్నపు పూత, ప్రత్యేకమైన తెల్ల రంగు, తెల్ల పింగాణీ పలకల ముక్కలు, తెల్లని పొరలు ఇందుకు వాడతారు. దుమ్ము పేరుకున్నకొద్దీ ఈ గుణం తగ్గుతుంది కనుక కప్పును కడుగుతూ ఉండాలి, సున్నపు పూతను ఏటా వేసవికి ముందు తిరిగి వేయాలి.

హైదరాబాదులోని వాణిజ్య భవనాలపై జరిపిన కొలతల ఫలితాలు 2012లో ఒక పరిశోధన పత్రికలో వెలువడ్డాయి. నల్లని కప్పుకు తెల్లని పూత వేయగా చల్లదనానికి వాడే విద్యుత్తులో 14 నుండి 26 శాతం, పూత లేని కాంక్రీటు కప్పుకు వేయగా 10 నుండి 19 శాతం ఆదా అయినట్లు అందులో తేలింది. 2017లో దేవరకొండ బస్తీలోని 25 పేద ఇళ్ళ కప్పులపై ప్రయోగాత్మకంగా తెల్లని పొరలు పరచగా, లోపలి ఉష్ణోగ్రత సగటున సుమారు 2 డిగ్రీలు తగ్గింది. ఎయిర్ కండిషనర్ కొనలేని ఇంటిలో ఇది విద్యుత్ బిల్లుకు సంబంధించిన విషయం కాదు, వేసవి రాత్రి నిద్రకు, వృద్ధుల, పసిపిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయం.

గోడలు, సామగ్రి

కాల్చిన ఇటుకకు సారవంతమైన పైమట్టి, బట్టీకి ఇంధనం కావాలి. దీనికి ప్రత్యామ్నాయంగా బొగ్గు విద్యుత్ కేంద్రాలలో మిగిలే బూడిదతో ఇటుకలు చేస్తారు. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండానే గట్టిపడే ఫాల్-జి ఇటుకల విధానాన్ని విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ అభివృద్ధి చేశారు. విద్యుత్ కేంద్రాల చుట్టూ 50 కిలోమీటర్ల పరిధిలో ఇటుకల తయారీలో బూడిద వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లో ప్రకటన జారీ చేసింది. ఈ పరిధిని 2003లో 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెంచారు. గాలిగుల్ల దిమ్మెలు తేలికగా ఉండి, వేడిని తక్కువగా లోపలికి పంపుతాయి.

ప్రపంచంలో విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7 నుండి 8 శాతం సిమెంటు తయారీ నుండే వస్తుందని అంచనా. బూడిద కలిసిన పొజొలానా సిమెంటు వాడటం వలన ఇందులో కొంత తగ్గుతుంది. నది ఇసుకకు బదులు రాతిని పొడిచేసిన రోబో ఇసుక, దూరం నుండి తెచ్చే పాలరాతికి బదులు తాండూరు, షాబాదు, కడప, బేతంచెర్ల బండలు వాడటం కూడా హరిత పద్ధతులలో భాగమే. దగ్గరలో దొరికే సామగ్రికి గుర్తింపు విధానాలలో మార్కులు ఉంటాయి.

వాన నీరు

హైదరాబాదులో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. 100 చదరపు మీటర్ల మేడపై సంవత్సరంలో పడే నీరు 80,000 లీటర్లు. ఆవిరి కాగా, తొలి వాన కడుగునీరు వదిలివేయగా అందులో 80 శాతం చేతికి వస్తుందనుకుంటే 64,000 లీటర్లు మిగులుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి ఇది సుమారు 118 రోజుల అవసరానికి సమానం.

అయితే ఈ వర్షంలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు లోపు కురుస్తుంది. ఇంటి కింద కట్టే సంపులో అంతా నిల్వ చేయడం సాధ్యం కాదు. కొంత నీటిని వడపోసి సంపులోకి, మిగిలినదానిని ఇంకుడు గుంతకు లేదా బోరుబావి చుట్టూ తవ్విన గుంతకు మళ్ళిస్తారు. ఇంకుడు గుంతలో అడుగున పెద్ద రాళ్ళు, వాటిపై కంకర, ఆపైన ఇసుక నింపుతారు. పైపొరలోని ఇసుక మట్టితో పూడుకుపోతే గుంత పనిచేయదు కనుక ప్రతి వానాకాలానికి ముందు దానిని తీసి కడగాలి లేదా మార్చాలి. మురుగునీరు అందులోకి చేరకూడదు.

వాడిన నీరు

స్నానం, బట్టలు ఉతకడం వంటి వాటి నుండి వచ్చే నీరు పెద్దగా కలుషితం కాదు. దానిని వేరే గొట్టం ద్వారా తీసుకొని, శుద్ధి చేసి తోటకు, మరుగుదొడ్లకు వాడుకోవచ్చు. పెద్ద నివాస సముదాయాలు తమ మురుగునీటి శుద్ధి కేంద్రాలను తామే నడుపుకుంటాయి. శుద్ధి చేసిన నీటిని తిరిగి వాడాలంటే భవనం కట్టేటప్పుడే రెండు వరుసల గొట్టాలు వేయాలి. గోడలు పూర్తయిన తరువాత ఈ పని దాదాపు అసాధ్యం.

విద్యుత్తు

హరిత పద్ధతిలో ముందు అవసరాన్ని తగ్గించి, తరువాత మిగిలిన అవసరాన్ని సౌరశక్తితో తీర్చాలి. ఒక కిలోవాటు సౌర ఫలకాలకు సుమారు 10 చదరపు మీటర్ల నీడ పడని స్థలం కావాలి. వాటి నుండి రోజుకు సగటున 4 యూనిట్ల విద్యుత్తు వస్తుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఇంటి సౌర వ్యవస్థకు 78,000 రూపాయల వరకు రాయితీ నిర్ణయించారు. పక్కన ఎత్తైన భవనం లేస్తే ఫలకాలపై నీడ పడే ప్రమాదం ఉండటం ఇరుకైన కాలనీలలో పెద్ద ఇబ్బంది.

గుర్తింపు విధానాలు

భారతదేశంలో మూడు గుర్తింపు విధానాలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి.

* లీడ్, ఐజీబీసీ విధానాలు: స్థలం, నీరు, ఇంధనం, సామగ్రి, లోపలి గాలి నాణ్యత వంటి అంశాలకు మార్కులు ఇచ్చి, మొత్తాన్ని బట్టి సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం స్థాయిలు నిర్ణయిస్తారు. ఐజీబీసీ 2008లో నివాస గృహాలకు ప్రత్యేక విధానాన్ని ప్రవేశపెట్టింది.
* గృహ: టెరి సంస్థ, కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ రూపొందించిన జాతీయ విధానం. 2007లో ప్రకటించారు. ఒకటి నుండి ఐదు నక్షత్రాలు ఇస్తారు.
* బీఈఈ నక్షత్రాలు: ఇంధన సామర్థ్య సంస్థ 2009లో కార్యాలయ భవనాలకు ప్రవేశపెట్టినది. ఇందులో చదరపు మీటరుకు సంవత్సరంలో నిజంగా ఖర్చయిన విద్యుత్తునే కొలుస్తారు.

చట్టాలు, నిబంధనలు

గుర్తింపు పొందడం స్వచ్ఛందం. చట్టం మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000లో నీరు-మీరు కార్యక్రమం ఇంకుడు గుంతలకు విస్తృత ప్రచారం కల్పించింది. 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టం వాన నీటి సంరక్షణకు చట్టబద్ధత ఇచ్చింది. ఇది వాల్టా చట్టంగా ప్రసిద్ధం.

కేంద్ర ప్రభుత్వం ఇంధన పరిరక్షణ చట్టం 2001 ఆధారంగా 2007లో ఇంధన పరిరక్షణ భవన స్మృతిని ప్రకటించింది. వాణిజ్య భవనాల గోడలు, కప్పులు, గాజు, దీపాలు, శీతలీకరణ యంత్రాలకు కనీస ప్రమాణాలను ఇది నిర్దేశిస్తుంది. దీనిని రాష్ట్రాలు స్వీకరించి, పురపాలక నిబంధనలలో చేర్చినప్పుడే అమలులోకి వస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో తన స్మృతిని ప్రకటించింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. నగరంలోని భారత పరిపాలనా సిబ్బంది కళాశాల, అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ దీని అమలుకు సాంకేతిక సహకారం అందించాయి. నివాస భవనాల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వెలువడింది. 2022లో ఇంధన పరిరక్షణ చట్టాన్ని సవరించి పెద్ద నివాస భవనాలను కూడా స్మృతి పరిధిలోకి తెచ్చారు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023-2028 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఈ పద్ధతిలోకి తేవాలని, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాదులో ఉండాలని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు లేదా అంతకు మించిన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. అంతకంటె చిన్న ఇళ్ళకు ఐచ్ఛికం.

ఖర్చు, ప్రోత్సాహం

సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రానికి సాధారణ భవనంకంటె సుమారు 18 శాతం అదనంగా ఖర్చయింది. అప్పట్లో అవసరమైన గాజు, పూతలు, యంత్రాలు చాలావరకు దేశంలో సులభంగా దొరికేవి కావు. తరువాత మార్కెట్టు పెరిగి ఈ తేడా బాగా తగ్గింది. దిక్కు, సజ్జా, కిటికీల అమరిక వంటి వాటికి నక్షా దశలో దాదాపు అదనపు ఖర్చే ఉండదు.

అసలు చిక్కు ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్న దగ్గర ఉన్నది. అదనపు ఖర్చు కట్టేవారు భరిస్తారు. తగ్గిన విద్యుత్ బిల్లు, నీటి బిల్లు కొన్నవారికో అద్దెకున్నవారికో లాభం. కట్టి అమ్మే వ్యాపారికి గాని, అద్దెకిచ్చే యజమానికి గాని పొదుపుపై ఆసక్తి ఉండవలసిన అవసరం లేదు. ఈ కారణంగానే పలు నగరాలు ప్రోత్సాహకాలను, నిర్బంధాలను కలిపి వాడుతున్నాయి. నోయిడాలో గుర్తింపు పొందిన భవనాలకు అదనపు నిర్మాణ విస్తీర్ణం అనుమతించారు. పూణే పక్కనున్న పింప్రి-చించ్‌వాడ్‌లో ఆస్తి పన్నులో రాయితీ కల్పించారు. తమిళనాడు 2003లో అన్ని భవనాలకు వాన నీటి సంరక్షణను తప్పనిసరి చేసింది. సింగపూరు 2005లో గ్రీన్ మార్క్ విధానాన్ని ప్రవేశపెట్టి, 2030 నాటికి 80 శాతం భవనాలు హరిత భవనాలు కావాలని లక్ష్యం పెట్టుకున్నది.

విమర్శలు, పరిమితులు

హరిత గుర్తింపుపై కొన్ని విమర్శలు ఉన్నాయి. చాలా గుర్తింపులు నక్షా, లెక్కల ఆధారంగా ఇచ్చేవి. భవనం వాడుకలోకి వచ్చాక నిజంగా ఎంత విద్యుత్తు ఖర్చయిందో బయటకు వెల్లడించడం తక్కువ. చుట్టూ గాజు తొడుగు గల భవనం ఖరీదైన గాజుతో, సమర్థమైన యంత్రాలతో మార్కులు సంపాదించవచ్చు. కాని గాజు తగ్గించి నీడ పెంచిన సాధారణ భవనం తక్కువ ఖర్చుతోనే అంతకంటె తక్కువ విద్యుత్తు వాడవచ్చు. ఊరికి దూరంగా ఉండి, అందరూ కార్లలో చేరవలసిన హరిత కార్యాలయం మొత్తం మీద ఎంత ఆదా చేస్తుంది అన్న ప్రశ్న కూడా ఉన్నది. చెరువు శిఖంలో కట్టిన భవనాన్ని ఏ గుర్తింపూ హరిత భవనంగా మార్చలేదు.

మరొక పరిమితి అమలుకు సంబంధించినది. భవన స్మృతులు పెద్ద భవనాలకు వర్తిస్తాయి. నగరంలో అధిక సంఖ్యలో ఉన్నవి చిన్న స్థలాలలో మేస్త్రీ సలహాతో కట్టే ఇళ్ళు. 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలోని చిన్న ఇంటికి అనుమతి అవసరం లేదు. 600 చదరపు గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు మించని ఇళ్ళకు యజమాని స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి లభిస్తుంది. ఇది సామాన్యులకు కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తప్పించింది. దానితో పాటు ఇంకుడు గుంత, పైకప్పు, చెట్లు వంటి వాటి బాధ్యత కూడా చాలావరకు యజమాని చేతికే వచ్చింది. కాగితంపై చూపిన ఇంకుడు గుంత నేలలో లేకపోయినా, ఉన్నది పూడుకుపోయినా దాని ఫలితం ఆ ఇంటి బోరుబావితో పాటు వీధి మొత్తం మీద పడుతుంది.

సాధారణ గృహాలలో ఆచరణ

ధ్రువపత్రం అవసరం లేకుండా 200 గజాల స్థలంలో కట్టే ఇంటికి కూడా వర్తించే పద్ధతులు ఇవి:

* పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టకపోవడం, ప్రతి కిటికీకి సజ్జా కట్టడం.
* ప్రతి గదిలో ఎదురెదురుగా లేదా పక్క గోడలలో రెండు తెరుపులు ఉంచి గాలి ఆడనివ్వడం.
* మేడపై తెల్లని పూత వేసి, దానిని ఏటా కడగడం.
* బూడిద ఇటుకలు లేదా తేలిక దిమ్మెలు, స్థానికంగా దొరికే బండలు వాడటం.
* ఇంకుడు గుంత తవ్వి, వానాకాలానికి ముందు శుభ్రం చేయడం.
* ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ అంతా సిమెంటు చేయకుండా కొంత నేలను మట్టిగానే వదిలి, చెట్టు నాటడం.
* శుద్ధి చేసిన నీటి కోసం, సౌర ఫలకాల తీగల కోసం నిర్మాణ సమయంలోనే గొట్టాలు వేసి ఉంచడం.

వీటిలో మొదటి రెండు, చివరిది ఇల్లు కట్టేటప్పుడు మాత్రమే సులభంగా సాధ్యం. పైకప్పు పూత, ఇంకుడు గుంత, చెట్లు ఇప్పటికే కట్టిన ఇళ్ళకు కూడా వర్తిస్తాయి.